ఎండసీమ పెరటిలో రంగుల మొక్కలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఆలూరు ప్రాంతమున పూలతోట మాట ఎత్తినంతనే ఒక ప్రశ్న వినవచ్చును: "తాగుటకే నీళ్లు చాలని చోట పూలచెట్లకు నీళ్లెక్కడివి?" ఈ ప్రశ్నను త్రోసివేసి తోటల సొగసును గురించి మాటలాడుట తగదు. అది బీదల నోట వచ్చు నిట్టూర్పు మాత్రమే కాదు. అనుభవము చెప్పించు మాట. పెరటిలోని మొక్కకు పోయు ప్రతి కడవయు ఎవరో ఒకరి చంకనో, తలమీదనో వచ్చినదే. తరచుగా ఆ ఎవరో ఒకరు ఆ యింటి ఆడుబిడ్డయే. కాబట్టి ఎండసీమలో రంగుల మొక్కను ఎన్నుకొనువారు మొదట అడుగవలసినది "ఇది ఎంత అందముగా పూయును?" అని కాదు, "ఇది ఎన్ని కడవలు తాగును?" అని. ఈ రెండవ ప్రశ్నకు మంచి సమాధాన మిచ్చు మొక్కలలో అందమైనవి కొల్లలుగా ఉన్నవని చూపుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా సీమ స్వభావమును చూడవలెను. ఆలూరు తాలూకా పూర్వము బళ్లారి జిల్లాలో ఉండెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, రాయదుర్గము తాలూకాలతోపాటు ఇదియు ఆంధ్రమున చేరినది. రాష్ట్రము మారినను ఆకాశము మారలేదు. 1876-78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను మిక్కిలి కఠినముగా పీడించినది. ఆ కరువు జ్ఞాపకము తరములు గడచినను పెద్దల మాటలలో నిలిచినది. పాత కర్నూలు జిల్లా సగటు వర్షపాతము ఇంచుమించు 670 మిల్లీమీటర్లు. పడమటి భాగమైన ఆలూరు, ఆదోని ప్రాంతములలో అంతకంటె తక్కువ. ఆ వానయు ఒక క్రమమున పడదు. జూన్, జూలై మాసములలో మేఘములకంటె పడమటి గాలి ఎక్కువ. సెప్టెంబరులో మంచి వానలు పడిన ఏడు అదృష్టపు ఏడు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సర్వసాధారణము. నేల కొన్నిచోట్ల ఎర్రది, కొన్నిచోట్ల నల్లరేగడి. రేగడి వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. వానలో బంకయై వేళ్లకు గాలి ఆడనీయదు. అనేక చోట్ల బావినీటిలోను, బోరునీటిలోను ఉప్పుదనము కలదు. ఇన్ని కష్టముల నడుమ పూయవలసిన మొక్కను గూర్చి ఇచ్చట విచారించుచున్నాము.

ఒక చిన్న లెక్క వేసి చూచినచో విషయము తేటపడును. ఒక యింటిలో పది గులాబి మొక్కలు ఉన్నవనుకొందము. ఎండకాలమున ఒక్కొక్కదానికి రోజునకు అరబిందె చొప్పున పోసినచో దినమునకు 5 బిందెలు. ఏప్రిల్, మే మాసముల 61 దినములకు 305 బిందెలు. బిందె 15 లీటర్లు పట్టునదైనచో 4,575 లీటర్లు. అదే యింట నేలలో నాటి రెండేండ్లు గడచిన కాగితపు పూల మొక్కలు పది ఉన్నవనుకొందము. వాటికి పదునైదు దినములకు ఒక బిందె చొప్పున పోసినను ఆ రెండు నెలలకు 40 బిందెలు చాలును. గులాబి రెమ్మ ఎండకు వ్రేలాడుచుండగా కాగితపు పూవు గోడనిండ మంటవలె వెలుగుచుండును. రంగు ఎచ్చట ఎక్కువ, శ్రమ ఎచ్చట తక్కువ అనునది చూచువారికే తెలియును.

ఎంపికలో తరచుగా జరుగు పొరపాటు ఒకటి కలదు. కోనసీమలోనో, సముద్రతీరమునందో ఒక మొక్కను చూచి, దాని సొగసునకు ముగ్ధులై తెచ్చి ఇచ్చట నాటుదురు. నూరువరహాల మొక్క ఇందుకు మంచి ఉదాహరణము. తీరప్రాంతపు తోటలలో అది గుత్తులు గుత్తులుగా ఎఱ్ఱగా పూయును. దానికి కొంచెము పులుపుగుణము గల నేల కావలెను. సున్నపుగడ్డలు కలిసిన రేగడిలో నాటినచో, నేలలో ఇనుము ఉన్నను వేళ్లు దానిని గ్రహింపజాలవు. లేతాకులు ఈనెలు మాత్రము పచ్చగా మిగిలి, తక్కిన భాగమెల్ల పసుపుగా పాలిపోవును. ఇంటివారు తెగులని తలచి మందు కొట్టుదురు, నీరు చాలలేదని మరి రెండు చెంబులు పోయుదురు. మొక్క మాత్రము కోలుకొనదు. లోపము మొక్కది కాదు, పెంచినవారిది కాదు, ఎంపికది.

ఇక ఈ సీమకు తగిన మొక్కలను చూతము. వీటిలో అగ్రస్థానము కాగితపు పూలకు, అనగా బోగన్‌విల్లాకు చెందును. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా. బోగన్‌విల్ అను ఫ్రెంచి నావికుడు భూమిని చుట్టివచ్చుటకు బయలుదేరిన యాత్రలో, 1767లో, రియో డి జనీరో సమీపమున కొమర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కను సేకరించెను. ఆయనకు సహాయముగా ఝాన్ బారే అను స్త్రీ పురుషవేషమున ఓడనెక్కినది. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా ఆమె చరిత్రలో నిలిచినది. ఈ మొక్కలో పూవని అందరు అనుకొనునది పూవు కాదు; అసలు పూవు నడుమ నుండు సన్నని తెల్లని గొట్టము. రంగు గలవి దానిని చుట్టియున్న మూడు ఆకులు. అందుచేతనే ఆ రంగు పూరేకులవలె ఒక్కనాటిలో వాడక వారముల తరబడి నిలుచును. దీనికి మరియొక వింత గుణము కలదు. నీరు ఎక్కువైనచో ఆకులు పెంచును. నీరు తగ్గించినచో రంగు చూపును. మాఘ ఫాల్గుణములలో నీటిని బిగపట్టినవారి గోడలు చైత్రమునకు రంగులతో నిండుట ఇందువలననే. ఒకే కొమ్మపై తెలుపును, గులాబి రంగును కలిపి చూపు "మేరీ పామర్" వంటి రకములును కలవు. ముళ్లుండుటచేత కంచెగా కూడ పనికివచ్చును. పిల్లలు తిరుగు త్రోవకు మాత్రము కొంత ఎడముగా నాటవలెను.

పూలమొక్కలు తీరికగల వారి వినోదమని తలచువారు ఒక విషయము గుర్తింపదగును. భారతదేశమున కుంకుమతెగులును తట్టుకొను గోధుమ రకములకై జీవితమంతయు శ్రమించిన శాస్త్రజ్ఞుడు బెంజమిన్ పియరీ పాల్ గులాబీలను, బోగన్‌విల్లాలను అంతే శ్రద్ధతో పెంచి, క్రొత్త రకములను సృష్టించెను. అన్నమును గూర్చి ఆలోచించినవాడు పూవును మరువలేదు.

రెండవది గన్నేరు. ఎఱ్ఱనిది, గులాబి రంగుది, తెల్లనిది అని మూడు విధములుగా కనబడును. ఎండ ఎంత కాసినను, గాలి ఎంత వీచినను, నేల కొంచెము చవుడైనను దీనికి లెక్కలేదు. వేసవి నడుమ, తక్కిన మొక్కలు తలవంచిన వేళ ఇది నిండుగా పూయును. పూజకును పనికివచ్చును. అయితే దీనిని గూర్చి దాపరికము లేకుండ చెప్పవలసిన మాట ఒకటి కలదు. గన్నేరు ఆకు, పూవు, బెరడు, వేరు అన్నియు విషమే. పచ్చగన్నేరు గింజ మరింత ప్రాణాంతకము. వీటి విషము గుండెను పట్టును. చిన్నపిల్లలు ఆడుకొను ముంగిట, మేకలు గొఱ్ఱెలు కట్టు దొడ్డి ప్రక్కన వీటిని నాటరాదు. కత్తిరించిన కొమ్మలను పశువుల మేతతో కలిసిపోనీయరాదు. పొయ్యిలో పెట్టి కాల్చరాదు. ఇల్లు దాటిన బాట ప్రక్కన, పశువులు చేరని ప్రహరీ అంచున దీనికి స్థానము.

పిల్లలున్న యింటికి గన్నేరుకు బదులు రత్నగంధిని నాటుట మేలు. ఎఱుపును పసుపును కలిసిన రేకులతో, బయటికి చాచిన పొడుగాటి కేసరములతో నెమలి పింఛము విప్పినట్లుండు పొద యిది. ఆఱు ఏడు అడుగుల ఎత్తు పెరుగును. గింజ వేసిన ఏడాదికే పూయును. ఎండయే దీనికి ఆహారము. పూత తగ్గినపుడు కొమ్మలను మోకాలి ఎత్తున నరికినచో క్రొత్త చిగుళ్లతో మరల పూతకు వచ్చును.

ఇంతవరకు చెప్పినవి చాలమట్టుకు పెరటిలో చూచినవే. ఊరి బయట గుట్టలమీద, పొలముల గట్లమీద, ఎవరును ఒక్క చెంబెడు నీరు పోయకుండ బంగారము కుమ్మరించు పొద ఒకటి ఉన్నది. అదియే తంగేడు. దాని బెరడును తోళ్లు ఊనుటకు వాడుదురు. దాని పూలను పండుగలలో వాడుదురు. 2014లో తెలంగాణ రాష్ట్రము దానిని తన రాష్ట్రపుష్పముగా ఎన్నుకొన్నది. అయినను ఇంటి ముందు తంగేటిని నాటినవారు అరుదు. ఊరికే దొరకినదానికి విలువ లేకపోవుట లోకస్వభావము కదా! పశువులు సాధారణముగా దీనిని మేయవు. కనుక కంచె లేని ఇంటికిని ఇది తగును. అయితే గుట్టమీద పెరిగిన పొదను పెరికి తెచ్చి నాటినచో బ్రతుకదు. దాని తల్లివేరు నేలలోనికి బహులోతుగా పోవును. గింజలను తెచ్చి, కాచి దించిన వేడినీటిలో వేసి ఒక రాత్రి నాననిచ్చి, తొలకరిలో నాటదలచిన చోటనే విత్తవలెను. మొదటి వేసవి మాత్రము కాపాడినచో తరువాత అది తన్ను తానే కాపాడుకొనును.

చిన్న మొక్కలలో గడ్డిగులాబి, బిళ్లగన్నేరు, చంద్రకాంత అను మూడింటిని ప్రత్యేకముగా చెప్పవలెను. గడ్డిగులాబి పప్పులో వేయు గంగపాయల కూరకు చుట్టము. నీటిని తన ఆకులలోనే దాచుకొనును. పగిలిన కుండపెంకులో పిడికెడు మట్టి ఉన్నను చాలును. ఎండ రాగానే ఎఱుపు, పసుపు, నారింజ, తెలుపు రంగులతో విచ్చి, ఎండ తగ్గగానే ముడుచుకొనును. నీడలో పెట్టి పూయలేదని బాధపడువారు దాని స్వభావము నెఱుగనివారే. బిళ్లగన్నేరు మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది. 1958లో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ అనువారు దీనినుండి విన్‌బ్లాస్టిన్ అను మందును వేఱుచేసిరి. అది నేటికిని కొన్ని విధముల క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది. అట్లని దీని ఆకును ఇంటివైద్యముగా నమలుట ప్రమాదకరము. ఇది దప్పికచేత చచ్చుట అరుదు; నీరు నిలిచి వేరు క్రుళ్లి చచ్చుటయే ఎక్కువ. చంద్రకాంత సాయంకాలము నాలుగు గంటల తరువాత విచ్చి తెల్లవారువరకు పరిమళించును. ఒకే మొక్కమీద పసుపు పూలు, గులాబిరంగు పూలు, రెండును కలిసిన చారల పూలు కనబడుట కద్దు. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు కోరెన్స్, ఈ జాతి మొక్కల ఆకులలోని తెలుపు పచ్చల మచ్చలు తండ్రినుండి గాక తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమించునని కనుగొనెను. దీని దుంప నేలలో దాగి వేసవిని గడపి, తొలివానకు మరల మొలచును.

పండుగ పూలను కాలము చూచి వేయవలెను. మెక్సికో దేశమునుండి వచ్చినదైనను బంతిపూవు లేని దసరాను నేడు ఎవరును ఊహింపజాలరు. దసరా నాటికి పూలు కావలెనన్నచో జూలై నెలలో నారు పోయవలెను. బంతికి మరియొక ఉపకారగుణము కలదు. దాని వేళ్లలోని పదార్థము నేలలోని నులిపురుగులను అణచును. కనకాంబరమునకు నులిపురుగు గొప్ప శత్రువు. కనుక బంతి వేసిన మడిలో మరుసటి సారి కనకాంబరము నాటుట తెలివైన పని. కనకాంబరము మిట్టమధ్యాహ్నపు ఎండను సహింపదు. ఇంటికి తూర్పు ప్రక్కన, ఉదయపు ఎండ మాత్రము సోకుచోట దానిని పెట్టవలెను. దాని ఎండిన కంకులు తడి తగిలినంతనే టపటప పగిలి గింజలను దూరముగా చిమ్మును. కనుక గింజలు కావలసినవారు వానకు ముందే కంకులను కోసి మూట కట్టవలెను. సీతమ్మజడ, బొగడబంతి వానకాలపు పూలు. బొగడబంతిని కోసి నీడలో ఎండబెట్టినచో నెలల తరబడి రంగు వీడదు. చలికాలమున డిసెంబరాలు ఊదారంగున పూయును. ఇవి ఈ దేశపు మొక్కలే. వాననీటితోనే ఒడ్డున పడును.

చేమంతిని గూర్చి ఒక మాట. కొందరి యిండ్లలో చేమంతి ఏపుగా పెరిగియు సకాలమున పూయదు. ఎరువు చాలలేదని అనుకొందురు. 1920లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొన్ని మొక్కలు పగటి పొడుగును బట్టి పూయునని నిరూపించిరి. చేమంతి అట్టిదే. రాత్రులు పొడవగుచున్నవని గుర్తించినపుడే అది మొగ్గ తొడుగును. రాత్రియంతయు వీధిదీపపు వెలుగు దానిపై పడుచున్నచో, దానికి రాత్రి అయినట్లే తెలియదు. కుండీని చీకటి వైపునకు జరుపుటయే అందుకు చికిత్స.

తీగలలో శంఖుపుష్పమును మరువరాదు. పెరటిలో అన్ని రంగులు దొరకును గాని నిక్కమైన నీలిరంగు దొరకుట కష్టము. ఆ లోపమును ఈ తీగ తీర్చును. చిక్కుడు కుటుంబమునకు చెందినది గనుక గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. రాధామనోహరము సాయంకాలము తెల్లగా విచ్చి, మరునాటికి గులాబిరంగును, ఆపై ఎఱుపును పొందును. అందువలన ఒకే గుత్తిలో మూడు రంగులు కనుపించును. ఇది కొంచెము నీరు కోరును. స్నానపు నీరు పోవు కాలువ ప్రక్కన దీనికి తగిన చోటు.

రంగనగా పూవు మాత్రమే కాదు. క్రోటను ఆకులలో ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ ఏడాది పొడుగునను ఉండును. కాని పడమటి వడగాలి తగిలినచో ఆకుల అంచులు మాడును. వరండా నీడలో కుండీలందు మాత్రమే ఇది బాగుండును. చెట్లలో తురాయి మే నెలలో నిప్పులు చెఱగునట్లు పూయును. రేల చెట్టు పసుపు జల్లులను వ్రేలాడదీయును. తురాయి వేళ్లు పైపైన ప్రాకి గోడలను, బండలను లేపును. కొమ్మలు గాలికి విరుగును. చిన్న దొడ్డిలో దానిని నాటరాదు. బడి ఆవరణము, చెరువుగట్టు, సంత మైదానము వంటి విశాలమైన చోట్లు దానికి తగినవి. చిన్న యింటికి రేల చెట్టే మేలు.

నాటదగని మొక్కయు ఒకటి కలదు. లంటానా, అనగా తలంబ్రాల చెట్టు, పసుపు ఎఱుపుల గుత్తులతో చూచుటకు ముచ్చటగా నుండును; నీరును కోరదు. ఈ గుణములను చూచియే పూర్వము దానిని తోటలకు తెచ్చిరి. పక్షులు దాని పండ్లను తిని గింజలను దూరముగా చల్లుటచేత అది తోటలను దాటి అడవులను, పశువుల బీళ్లను ఆక్రమించినది. దాని ఆకు పశువులకు విషము. కరువును ఓర్చు మొక్కలన్నియు మంచివే అనుకొనరాదని ఇది నేర్పు పాఠము.

మొక్కలను ఎన్నుకొన్న పిదప వాటిని దప్పికను బట్టి వరుసలుగా ఏర్పరచవలెను. 1981లో అమెరికాలోని డెన్వరు నగరపు నీటి సంస్థవారు పొడినేల తోటలకై ఒక పద్ధతిని ప్రచారము చేసిరి. దానికి గ్రీకు భాషలో "పొడి" అను అర్థమిచ్చు పదమునుండి "జెరిస్కేప్" అని పేరు పెట్టిరి. ఒకే దప్పిక గల మొక్కలను ఒకే చోట చేర్చుట అందలి ముఖ్యసూత్రము. ఆలూరు ఇంటికి ఈ సూత్రమును ఇట్లు అన్వయింపవచ్చును. గిన్నెలు కడుగు చోటును, స్నానపు చోటును ఆనుకొని మొదటి వరుస: మందారము, రాధామనోహరము, ఒకటి రెండు గులాబీలు. వాటికి వాడిన నీరే చాలును. వేఱుగా ఒక కడవయు మోయనక్కరలేదు. ఇంటి గోడలకు దగ్గరగా రెండవ వరుస: కనకాంబరము, చేమంతి, డిసెంబరాలు. ప్రహరీ వెంబడి మూడవ వరుస: కాగితపు పూలు, రత్నగంధి, తంగేడు. ఈ మూడవ వరుస వేళ్లూనుకొన్న పిదప ఆకాశమునే నమ్ముకొని బ్రతుకును. వాడిన నీటిని గూర్చి ఒక జాగ్రత్త కలదు. బట్టలుతుకు పొడులలోని ఉప్పులు రేగడిని గట్టిపరచును. బట్టలు జాడించిన చివరి నీటిని మాత్రమే మొక్కలకు మళ్లింపవలెను.

రంగులను అమర్చుటలోను కొంత విచక్షణ అవసరము. సున్నము వేసిన తెల్లని గోడకు ఎఱుపు, ఊదా రంగులు నప్పును. ఎఱ్ఱమట్టి గోడకు తెలుపు, పసుపు నప్పును. మధ్యాహ్నపు ఎండలో లేతరంగులు వెలవెలబోవును. ముదురు రంగులే నిలుచును. సంధ్యవేళ ఇది తారుమారగును. వెలుగు తగ్గుకొలది కన్నునకు ఎఱుపు నల్లబడి, నీలము తెలుపులు మెఱయును. పుర్కినే అను చెక్ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దపు తొలి భాగమున దీనిని గుర్తించెను. పగలంతయు పొలమున నుండి, ప్రొద్దుగుంకిన తరువాత అరుగుమీద కూర్చుండు కుటుంబము వారికి ఎఱ్ఱపూలకంటె తెల్లని బిళ్లగన్నేరు, లేతపసుపు చంద్రకాంత ఎక్కువ ఆనందమును ఇచ్చును. వాకిలి నిండ కడప బండలు పరచినవారు బండ అంచునుండి మొక్కను రెండడుగులు ఎడము పెట్టవలెను. బండ పగలు త్రాగిన వేడిని రాత్రి వెడలగ్రక్కును. ఆ వేడికి లేతవేళ్లు ఉడికిపోవును.

నేలను సిద్ధపరచుట ఎంపికంత ముఖ్యము. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించెను. తోట నాటుటకు ముందు నేలలో నువ్వులు చల్లి, అవి పూతకు వచ్చినపుడు అక్కడనే త్రొక్కి మట్టిలో కలుపవలెనని అందు చెప్పబడినది. నేడు పచ్చిరొట్ట ఎరువని వ్యవసాయశాఖవారు చెప్పునది అదియే. మే నెలలో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గల గుంట త్రవ్వి ఎండనీయవలెను. రేగడి నేలయైనచో త్రవ్విన మట్టిలో సగము తీసివేసి, వాగు ఇసుక, ఎఱ్ఱమట్టి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, నేలమట్టముకంటె జానెడు ఎత్తుగా నింపవలెను. అపుడు వానకు నీరు నిలువదు. మొక్క మొదట వేరుశనగ పొట్టు నాలుగంగుళముల మందమున పరచినచో తడి ఆరదు. చెదలు పట్టకుండ దానితో కొంచెము వేపపిండి కలుపవలెను. మొక్క ప్రక్కన మూతిమట్టుకు ఒక మట్టికుండను పాతి నీరు నింపి మూత పెట్టినచో, కుండ గోడలనుండి తడి మెల్లగా ఊరి వేళ్లకు చేరును. ఒకసారి నింపిన కుండ అనేక దినములు పనిచేయును. రెండువేల ఏండ్ల క్రిందటి చీనా వ్యవసాయ గ్రంథమున ఈ పద్ధతి వర్ణింపబడినది. కుమ్మరివారి కుండలు దొరకు ఊరిలో దీనికి ఇతర ఖర్చు లేదు.

మొక్కలను కొని తెచ్చుటయందును కాలమును పాటింపవలెను. గోదావరి ఒడ్డున కడియము, కడియపులంక గ్రామముల తోటలనుండి లారీలలో వచ్చు మొక్కలు చూడ ముచ్చటగా నుండును. అవి తేమగాలిలో, జాలినీడలో పెరిగినవి. మార్చి నెలలో తెచ్చి ఎండలో నాటినచో తట్టుకొనలేవు. జూలై, ఆగస్టులలో తెచ్చి, పది పదునైదు దినములు నీడలో ఉంచి, క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను. నిజమునకు చాల మొక్కలకు కొనుగోలే అవసరము లేదు. కాగితపు పూలు, గన్నేరు, మందారము మొదలగువాటిని పెన్సిలు మందము, జానెడు పొడవు గల ముదురు కొమ్మలు కోసి వానకాలమున నాటినచో వేరు తొడుగును. తక్కినవి గింజలకే వచ్చును. ఇరుగుపొరుగువారి దొడ్లే ఉత్తమమైన అంగళ్లు. అచ్చట బ్రతికిన మొక్క ఇచ్చటను బ్రతుకునని ముందే తెలియును కదా!

పూవు రంగు మనుష్యుని కొరకు పుట్టినది కాదనియు గుర్తింపవలెను. తేనెటీగ ఎఱుపును గుర్తింపలేదు. నీలము, పసుపు దానికి బాగుగా తెలియును. తేనెటీగల వర్ణదృష్టిని పరీక్షించి నిరూపించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌నకు 1973లో నోబెల్ బహుమానము లభించినది. ఎఱ్ఱని పూలకు తేనెపిట్టలు వచ్చును. ఇంటిలో పసుపు, నీలి పూలు పెంచినవారు తేనెటీగలను పిలిచినవారగుదురు. ఆ యీగలే పొలమున ప్రొద్దుతిరుగుడును, దొడ్డిలో గుమ్మడిని, బీరను కాయించును.

ఇక గ్రంథాలయమునకు సంబంధించిన ఒక సూచనతో ఈ ఉపన్యాసము ముగియును. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1960లో పరమపదించువరకు గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును పాటుపడిరి. చదువు కొందరి యిండ్లలో దాగియుండరాదు, ఊరందరి చేతులలో తిరుగవలెననుట ఆ ఉద్యమము యొక్క సారము. విత్తనము కూడ అట్టిదే. గ్రంథాలయమున ఒక చిన్న బీరువా అరను విత్తనములకు కేటాయింపవచ్చును. తంగేడు, రత్నగంధి, శంఖుపుష్పము, సీతమ్మజడ, చంద్రకాంత గింజలను చిన్న పొట్లములుగా కట్టి, పేరును, విత్తవలసిన మాసమును వ్రాసి ఉంచవలెను. తొలకరిలో చందాదారు ఒక పొట్లమును పుస్తకమువలె తీసికొనిపోయి, మొక్క కాచిన పిమ్మట రెండు పొట్లములుగా తెచ్చి అప్పగింపవలెను. పుస్తకము తిరిగివచ్చినపుడు ఒకటిగానే వచ్చును. విత్తనము పెరిగి వచ్చును. గ్రంథాలయపు ముంగిట మొదట ఒక తంగేడు పొదను, ఒక కాగితపు పూల తీగను నాటినచో, ఎండకు వచ్చిన పాఠకునికి అవే తొలి స్వాగతము పలుకును. ఈ రజతోత్సవ సంవత్సరపు తొలకరిని ఆ పనికి వినియోగించినచో, స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరి గోడలలో రంగు లేని గోడ ఉండదు; ఆ రంగు కొరకు ఏ ఆడుబిడ్డయు ఒక్క కడవ అదనముగా మోయనక్కరలేదు.

స్వస్తి.